బాడుగ పుస్తకం



ఇవాళ బాడుగ ఇళ్ల గురించి మాట్లాడుకుందాం. బాడుగకి ఉండేవాళ్లు ఇరుగుపొరుగుతో కలిసి తమ నీడను ఎట్లా కాపాడుకోవచ్చో చూద్దాం. సంఘం అనగానే జెండా, మైకు, ధర్నా గుర్తుకొస్తాయి. వాటి జోలికి నేను ఇప్పుడు పోవడం లేదు. నేను చెప్పేది ఒక నోటు పుస్తకం సంగతి. రెండొందల పేజీల మామూలు నోటు పుస్తకం. ఒక వరస ఇళ్లవాళ్లందరికీ కలిపి ఒకటే పుస్తకం. దాన్ని బాడుగ పుస్తకం అనుకుందాం.

ఇప్పుడే ఎందుకు ఈ మాట? మన నెల్లూరు తీరం మారిపోయింది కాబట్టి. ముప్పై ఏళ్ల కింద ముత్తుకూరులో గది బాడుగకి కావాలని అడిగేవాళ్లు ఎంతమంది? స్కూలు టీచరు, బ్యాంకు ఉద్యోగి. అంతే. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది. పక్కనే నేలటూరులో థర్మల్ కేంద్రం వచ్చింది. తర్వాత ప్రైవేటు విద్యుత్ కేంద్రాలు, నూనె ఫ్యాక్టరీలు వచ్చాయి. బీహారు నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి పనివాళ్లు వచ్చారు. పశువుల కొట్టం గదులైంది. గదుల మీద రేకుల షెడ్డు లేచింది. ఇప్పుడు ఉత్తరాన రామాయపట్నంలో ఇంకో రేవు కడుతున్నారు. 2022లో పనులు మొదలయ్యాయి. కావలిలో, గుడ్లూరులో బాడుగలు ఏమవుతాయో ముత్తుకూరును చూస్తే అర్థమవుతుంది. ఇక నెల్లూరు టౌను సంగతి మీకు చెప్పక్కర్లేదు. పిల్లల చదువుల కోసం ఊళ్లో ఇల్లు తాళం వేసి, ఇక్కడ రెండు గదుల్లో సర్దుకున్న కుటుంబాలు వీధికి పది.

వీళ్లందరికీ ఒకటే ఇబ్బంది. బాడుగ కట్టినట్టు కాగితం ఉండదు. అడ్వాన్సు ఇచ్చినట్టు కాగితం ఉండదు. ఉన్నదల్లా నోటి మాట.

ఒక వరస అనుకుందాం. నాలుగు పోర్షన్లు. ఒకే ఓనరు. మొదటి పోర్షన్లో రేవులో క్రేను నడిపే అబ్బాయి, భార్య, బిడ్డ. రెండో దాంట్లో రొయ్యల కంపెనీలో పనిచేసే ఇద్దరు ఆడపిల్లలు. మూడో దాంట్లో ఆటో నడిపే ఆయన కుటుంబం. నాలుగో దాంట్లో పిల్లల చదువు కోసం పల్లె నుంచి వచ్చిన ఒకామె. నాలుగూ ఒకే కొలత. ఒకే గోడ, ఒకే పంపు. ఒక రోజు సాయంత్రం ఇంటామె, అంటే ఓనరు భార్య, వస్తుంది. ప్రతి గడప దగ్గరా ఒకటే మాట. "ఏమ్మా, వచ్చే నెల నుంచి ఐదొందలు జాస్తి ఇయ్యాల. మిగతావాళ్లందరూ సరేనన్నారు." నిజానికి ఎవరూ ఇంకా సరే అనలేదు. కానీ ఆ మాట నాలుగు గడపల దగ్గరా వినపడుతుంది. నలుగురూ సరే అంటారు.

ఇందులో ఇంటామె పెద్ద మోసగత్తె అని కాదు. ఆమెకు నలుగురి సంగతీ తెలుసు. ఆ నలుగురికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పక్క పోర్షన్ వాళ్లు ఎంత అడ్వాన్సు ఇచ్చారో మీకు తెలుసా? కరెంటుకి యూనిట్ ఎంత చొప్పున కడుతున్నారో తెలుసా? గోడకి ఇవతల ఉంటాం. పచ్చడి ఇచ్చిపుచ్చుకుంటాం. బాడుగ మాత్రం చెప్పుకోం. అదేదో ఇంటి గుట్టు అనుకుంటాం. అది గుట్టు కాదండీ. గుట్టుగా ఉంచినంతకాలం నష్టం మనకే.

బాడుగ పుస్తకం చేసే పని ఇదే. నలుగురి లెక్క ఒకచోట రాస్తుంది.

ఏం రాయాలి? జాగ్రత్తగా వినండి. ఇంట్లోకి ఏ రోజు దిగారు. అడ్వాన్సు ఎంత ఇచ్చారు. నెలకి బాడుగ ఎంత. కరెంటు మీటరులో ఆ నెల అంకె ఎంత. బాడుగ ఏ రోజు, ఎవరి చేతికి ఇచ్చారు, ఫోనులో పంపారా, రొక్కం ఇచ్చారా. ఇంట్లో ఏం పాడైంది, ఎప్పుడు చెప్పారు, ఎప్పుడు బాగు చేశారు. అంతే. ఒక్కో పోర్షన్‌కి ఒక్కో పేజీ. నెలకోసారి, బాడుగ కట్టిన రోజే, నలుగురూ కూర్చుని రాసుకోవాలి. పక్కన సంతకం. సంతకం రానివాళ్లు వేలిముద్ర. ఫోనులో ఒక ఫోటో తీసి నలుగురూ దగ్గర పెట్టుకోవాలి. పుస్తకం పోయినా ఫోటో ఉంటుంది.

ఇదేదో కొత్త విద్య అనుకోకండి. మన జిల్లా ఆడవాళ్లకి బాగా తెలిసిన విద్య. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1991లో, 92లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడులు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు లాంతరు కింద కూర్చుని చదువుకున్నారు. చదువుతో పాటు మాట్లాడుకోవడం మొదలైంది. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో అప్పటిదాకా ఎవరికి వాళ్లు దాచుకున్నారు. సారాయి తాగొచ్చి కొట్టే మొగుడు ప్రతి ఇంట్లో ఉన్నాడని ఆ బడిలో బయటపడింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు ఊళ్లో ఆడవాళ్లు సారాయి దుకాణం మూయించారు. ఊరు నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారాయి ఆగిపోయింది.

ఆ కథ అందరూ చెప్తారు. దాని తర్వాత జరిగింది తక్కువ మంది చెప్తారు. నాకైతే అదే పెద్ద విషయం. సారాయి ఆగాక చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. వాటిని ఆడవాళ్లు గుంపుగా దాచుకోవడం మొదలుపెట్టారు. రోజుకో రూపాయి. పొదుపు సంఘాలు. నెలకో మీటింగు. ఒక పుస్తకం. ఎవరు కట్టారు, ఎవరు బాకీ, ఎవరికి అప్పిచ్చారు, అన్నీ అందులో. చదువు అంతగా రానివాళ్లు కూడా ఆ పుస్తకంలో ఒక్క రూపాయి తేడా వస్తే పట్టేస్తారు. బ్యాంకు మేనేజరు ఆ పుస్తకం చూసి లక్షలు అప్పిస్తున్నాడు. అప్పుకు ఆయన చూసేది ఆ పుస్తకమే, మన మొహం కాదు. అదే పొదుపు పుస్తకం పద్ధతి బాడుగకి వాడమంటున్నాను. మీ వరసలో పొదుపు సంఘంలో ఉన్న అక్క ఒకరు తప్పకుండా ఉంటారు. పుస్తకం ఆమెకివ్వండి.

సరే, పుస్తకం రాశాం. దాంతో ఏం ఒరుగుతుంది? కరెంటు సంగతి చూద్దాం. చిన్న లెక్క చెప్తాను. మెల్లగా చెప్తాను.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకి శ్లాబులు ఉంటాయి. తక్కువ వాడితే యూనిట్ చవక. ఎక్కువ వాడితే యూనిట్ ఖరీదు. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1 రూపాయి 90 పైసలు. ఆ తర్వాత 75 దాకా 3 రూపాయలు. ఆపైన నాలుగున్నర, ఆరు. అట్లా ఎక్కుతూ పోతుంది. 225 దాటితే యూనిట్ 8 రూపాయల 75 పైసలు.

మన నాలుగు పోర్షన్లవాళ్లు ఒక్కొక్కరు నెలకి 75 యూనిట్లు వాడారు అనుకుందాం. ఒక ఫ్యాను, రెండు లైట్లు, టీవీ, చిన్న ఫ్రిజ్. ఎవరి మీటరు వాళ్లకి ఉంటే ఒక్కొక్కరికి పడేది 192 రూపాయలు. నలుగురికి కలిపి 768. మళ్లీ చెప్తున్నా, నలుగురికి కలిపి 768.

ఇప్పుడు ఆ నలుగురికి ఒకటే మీటరు. లోపల సబ్ మీటర్లు. వరసంతా కలిపి 300 యూనిట్లు. అదే కరెంటు, అదే ఫ్యాను. కానీ బిల్లు పై శ్లాబుల్లోకి ఎక్కింది. ఇప్పుడు పడేది దాదాపు 1,673 రూపాయలు. రెండింతలకి పైనే. ఇతర చార్జీలు, సుంకాలు ఇందులో కలపలేదు.

ఓనరు అంటాడు, "యూనిట్ 9 రూపాయలు. అందరి దగ్గరా అంతే." 300 యూనిట్లకి 2,700 వసూలవుతుంది. కరెంటు కంపెనీకి కట్టేది 1,673. ఇందాక చెప్పిన ఇతర చార్జీలు, నీళ్ల మోటారు కరెంటు పోను మిగిలింది ఓనరు జేబులోకి.

ఈ లెక్క ఒక్కరికి అంతుపట్టదు. ఎందుకంటే ఒక్కరి దగ్గర ఒక్క సబ్ మీటరు అంకే ఉంటుంది. నలుగురి అంకెలు పుస్తకంలో ఒకే పేజీ మీద పడితేనే ఇది కనపడుతుంది. అసలు బిల్లు ఎంతో ఓనరు చెప్పకపోయినా ఫరవాలేదు. సర్వీసు నంబరు మీటరు పెట్టె మీదే ఉంటుంది. ఆ నంబరుతో బిల్లు ఫోనులో చూసుకోవచ్చు.

అప్పుడు నలుగురూ కలిసి ఓనరు దగ్గరికి పోవచ్చు. కొట్లాటకి కాదు. "సార్, పోర్షన్‌కో మీటరు పెట్టించండి. దరఖాస్తు మీరు పెట్టండి, డిపాజిట్టులో మా వంతు మేం వేసుకుంటాం. మీకు నెలనెలా ఈ లెక్కల గోల తప్పుతుంది." ఈ మాట ఒక్కరు పోయి అడిగితే ఓనరు ఏమంటాడు? "నీకిష్టం లేకుంటే ఖాళీ చెయ్." నలుగురు పోయి అడిగితే నలుగురినీ ఒకేసారి ఖాళీ చెయ్యమనలేడు. వరసంతా ఖాళీగా పడితే ఆయనకీ నష్టమే. కలిసి ఉండటంలో ఉన్న బలం ఇంతే. ఇంతకంటే పెద్దది ఏదో ఉందని నేను చెప్పను. కానీ ఇది చిన్నది కాదు.

ఇట్లాంటి పనే ఒక రేవు ఊళ్లో ఆడవాళ్లు చేశారు. నూరేళ్లకి పైనే అయింది. బ్రిటన్‌లో గ్లాస్గో అని ఒక ఊరు. ఓడలు కట్టే ఊరు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఓడల పనికి, మందుగుండు పనికి వేలమంది దిగారు. గదులు చాల్లేదు. ఓనర్లు బాడుగలు పెంచేశారు. మగవాళ్లు యుద్ధంలో ఉన్నారు, ఫ్యాక్టరీల్లో ఉన్నారు. ఓనరు మనిషి వచ్చి తలుపు కొట్టేది ఆడవాళ్ల ముందు. గోవన్ అనే పేటలో మేరీ బార్బర్ అనే ఒక గృహిణి ముందు నిలబడింది. ప్రతి మేడలో ఒక కమిటీ. వంటింట్లో, మెట్ల మీద మీటింగులు. ఖాళీ చేయించే బంట్రోతు వీధిలోకి రాగానే ఒకామె గంట కొట్టేది. గంట వినపడితే చాలు, పిండి పిసుకుతున్నవాళ్లు పిండి చేతులతోనే మెట్ల మీదికి వచ్చేవాళ్లు. బంట్రోతు పిండి కొట్టించుకుని తిరిగి పోయేవాడు.

1915 నవంబరు 17న ఓనరు తరఫువాళ్లు 18 మంది పనివాళ్లని కోర్టుకి లాగారు. వేలమంది కోర్టు ముందు చేరారు. కేసులు ఎత్తేశారు. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రభుత్వం చట్టం చేసింది. బాడుగలు యుద్ధానికి ముందున్న లెక్కకి తెచ్చింది.

ఈ కథలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అది గమనించండి. ఆ ఆడవాళ్లు బాడుగ ఎగ్గొట్టలేదు. పాత బాడుగ ఇస్తామన్నారు. పెంచినది మాత్రం ఇవ్వమన్నారు. అందుకే వాళ్ల మాట నిలబడింది.

మనకి ఇక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. నేను గట్టిగా చెప్తున్నా. కోపం వచ్చిందని బాడుగ కట్టడం ఆపకండి. బాడుగ ఆపితే మన చేతిలో ఉన్న ఒక్క ఆయుధమూ పోతుంది. కోర్టులో మొట్టమొదటి ప్రశ్న అదే. "బాడుగ కట్టావా లేదా?" కట్టానని చూపించగలిగితేనే తర్వాతి మాట. బాడుగ కట్టండి. కట్టినట్టు రాసుకోండి. వీలైతే ఫోనులోనో బ్యాంకులోనో కట్టండి. రొక్కమే కావాలంటే రసీదు అడగండి. రసీదు ఇవ్వకపోతే అదే రోజు పుస్తకంలో రాసి, పక్కింటామె చేత సాక్షి సంతకం పెట్టించండి.

రసీదు అడగడం తప్పు కాదు. అది చాలా పాత హక్కు. నెల్లూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే మద్రాసులో అద్దెల మీద అదుపు వచ్చింది. 1946లో, మళ్లీ 1949లో చట్టాలు చేశారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం వచ్చింది. అందులో ఒక సెక్షను ఉండేది. బాడుగ కట్టినవాడికి ఓనరు సంతకంతో రసీదు పొందే హక్కు అది ఇచ్చింది. ఓనరు బాడుగ తీసుకోనని మొండికేస్తే? కొంతమంది అట్లా చేస్తారు. తీసుకోకుండా ఉండి, తర్వాత కట్టలేదని కేసు వేస్తారు. దానికీ ఆ చట్టంలో దారి ఉండేది. ఏ బ్యాంకులో వెయ్యాలో చెప్పమని ఓనరుకు రాయాలి. చెప్పకపోతే మనీఆర్డరు చెయ్యాలి. అదీ తిప్పి పంపిస్తే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చెయ్యాలి అని అందులో రాశారు. చూశారా, ఆ చట్టం రాసినవాళ్లకి ఓనర్ల ఎత్తులు బాగానే తెలుసు.

అయితే ఆ చట్టానికి రెండు కంతలు ఉండేవి. ఒకటి, అది మునిసిపాలిటీల్లోనే. నెల్లూరు, కావలి, గూడూరు లాంటి పట్టణాలకే. ముత్తుకూరు పంచాయతీలో గది తీసుకున్న క్రేను అబ్బాయి లాంటివాళ్లకి వర్తించేది కాదు. రెండోది, 2005లో చేసిన సవరణ. కార్పొరేషన్‌లో నెల బాడుగ 3,500 దాటితే, మిగతా పట్టణాల్లో 2,000 దాటితే, ఆ చట్టం రక్షణ లేకుండా పోయింది. అప్పటికే బాడుగలు పెరుగుతున్నాయి. చాలా ఇళ్లు ఆ గొడుగు కింద నుంచి జారిపోయాయి.

2017లో రాష్ట్రం దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. దానికి మూలం రాతపూర్వక ఒప్పందం. నోటి మాట చాలదు, కాగితం ఉండాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం ఒక నమూనా చట్టం తయారు చేసి రాష్ట్రాలకి పంపింది. అందులో కొన్ని మాటలు మనం బేరమాడేటప్పుడు పనికొస్తాయి. ఇంటి అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించకూడదు. బాడుగ పెంచాలంటే మూడు నెలల ముందు రాతలో చెప్పాలి. ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. తగాదా వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఇది నమూనా. అయినా ఒప్పందం కాగితం రాసుకునేటప్పుడు ఈ నాలుగు మాటలు రాయించుకోమని మిమ్మల్ని ఎవరూ ఆపరు. ఒక్కరుగా రాయించుకోవడం కష్టం. వరసకంతటికీ ఒకే రకం కాగితం అడగండి.

ఏ చట్టం వర్తించినా వర్తించకపోయినా ఒక మాట మాత్రం నిలుస్తుంది. కోర్టు ద్వారా తప్ప, సామాన్లు బయట పారేసి, తాళం మార్చి మిమ్మల్ని బయటికి గెంటే హక్కు ఓనరుకు లేదు. అట్లా గెంటేస్తే ఆరు నెలల లోపల సివిల్ కోర్టుకి పోవచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, ఆరో సెక్షను. ఆ కోర్టు చూసేది ఒకటే. నిన్నటిదాకా ఈ ఇంట్లో మీరు ఉన్నారా? ఉన్నారని మీ పుస్తకం చెప్తుంది. పక్కింటివాళ్ల సాక్షి సంతకాలు చెప్తాయి.

మరి ఓనర్లు కాగితం అంటే ఎందుకు భయపడతారు? ఈ భయం మన జిల్లాలో కౌలు రైతుకి బాగా తెలుసు. కోవూరు, బుచ్చి, విడవలూరు వైపు వరి పండించే వాళ్లలో చాలామంది కౌలుదార్లే. పంట రుణం కావాలన్నా, పంట నష్టం డబ్బు రావాలన్నా కౌలు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం దానికి పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. పెడితే భూమి పోతుందేమోనని భయం. ఒప్పందంలో భూమి హక్కు యజమానిదే అని స్పష్టంగా రాసి ఉన్నా భయం. ఇంటి ఓనరుదీ అదే భయం. ఆ భయాన్ని తిట్టి పోగొట్టలేం. కాగితంలో మొదటి వాక్యంగా "ఈ ఇల్లు ఫలానావారిది, మేము బాడుగకి ఉన్నాము" అని రాయండి. ఒకసారి అట్లా సంతకం పెట్టినవాడు రేపు ఇల్లు నాదంటే చెల్లదు. అంటే ఆ కాగితం ఓనరుకే ముందు రక్ష. ఆయనకి ఈ సంగతి చెప్పండి.

గుంపు కట్టడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. దాచి లాభం లేదు. మన తీరంలో పట్టపు పాలేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్లలో, కాపుల మాట, అంటే అక్కడి పెద్దల మాట, ఎంత బలంగా నడుస్తుందో మీకు తెలుసు. ఊరంతా ఒక మాట అనుకుంటే ఒక్క పడవ కూడా నీళ్లలో దిగదు. దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేస్తే దాటేవాడు ఉండడు. ఆ ఐకమత్యం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అదే దురాయి ఒక కుటుంబం మీద పడితే? వాళ్లతో మాట్లాడకూడదు, నిప్పు ఇవ్వకూడదు అని ఊరు కట్టుబడితే? అట్లాంటివీ జరిగాయి. బాడుగదారుల గుంపు అట్లా కాకూడదు. వరసలో ఒకరు భయపడి సంతకం పెట్టలేదనుకోండి. వాళ్లని వెలి వెయ్యకండి. వాళ్ల పేజీ ఖాళీగా ఉంచండి. ఇవాళ కాకపోతే రేపు వస్తారు.

ఇంకోటి. బాడుగ ఇల్లు అడగడానికి పోతే మొదటి ప్రశ్న బాడుగ గురించి రాదు. "మీరేమిటోళ్లు?" అని వస్తుంది. మాలలమంటే, మాదిగలమంటే, యానాదులమంటే, తురకలమంటే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు ఉన్నట్టుండి నిండిపోతుంది. ఈ పుస్తకం ఆ ప్రశ్నని ఆపలేదు. ఒప్పుకుంటాను. కానీ వరసలో ఇప్పటికే ఉన్నవాళ్లు ఒక పని చెయ్యొచ్చు. ఖాళీ అయిన పోర్షన్‌లోకి ఎవరొచ్చినా మాకు అభ్యంతరం లేదని ఓనరుకు ముందే చెప్పొచ్చు. ఎందుకంటే చాలామంది ఓనర్లు అనేది ఒకటే. "నాకేం లేదమ్మా, పక్క పోర్షన్ల వాళ్లు ఒప్పుకోరు." ఆ సాకు వాళ్ల చేతిలో నుంచి తీసెయ్యాలంటే, పక్క పోర్షన్ వాళ్లే నోరు విప్పాలి.

తుపాను సంగతి ఒకటి చెప్పి ముగింపులోకి వస్తాను. మనది ప్రతి కార్తీకంలో ఆకాశం వైపు చూసే తీరం. 2021 నవంబరులో పెన్న పొంగింది. నెల్లూరులో ఒడ్డున ఉన్న భగత్‌సింగ్ కాలనీలోకి నీళ్లు వచ్చాయి. అట్లాంటప్పుడు బాడుగకి ఉన్నవాళ్ల గతేమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో, 108వ సెక్షనులో, రెండు మాటలు ఉన్నాయి. వేరే ఒప్పందం ఏదీ రాసుకోకపోతే అవి వర్తిస్తాయి. గాలివానకో వరదకో ఇల్లు ఇక ఉండటానికి పనికిరాకుండా పోతే, బాడుగ ఒప్పందం రద్దు చేసుకునే హక్కు అందులో బాడుగకి ఉన్నవాడిది. ఇక రెండోది. ఓనరు చెయ్యాల్సిన రిపేరు చెప్పినా చెయ్యకపోతే, తగినంత గడువు ఇచ్చి, మనమే చేయించుకుని ఆ ఖర్చు బాడుగలో తగ్గించుకోవచ్చు. కానీ "చెప్పినా చెయ్యలేదు" అని ఎట్లా రుజువు చేస్తారు? ఫలానా రోజు రేకు లేచిపోయిందని చెప్పాం, ఫలానా రోజు మళ్లీ గుర్తు చేశాం అని పుస్తకంలో ఉండాలి. ఫోటో ఉండాలి. ఓనరు ఫోనుకు పంపిన మెసేజి ఉండాలి. ఆ మూడూ ఉంటేనే తగ్గించుకోండి. లేకపోతే వద్దు.

ఓనర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ప్రతి ఓనరూ మేడల మీద మేడలు ఉన్నవాడు కాదు. మొగుడు పోయి, రెండు పోర్షన్ల బాడుగ మీదే బతికే ముసలామె కూడా ఓనరే. ఆమెకు నెలనెలా ఒకటో తారీఖున నలుగురి బాడుగ ఒకేసారి, తడుముకోకుండా వస్తే అంతకంటే ఏం కావాలి? గుంపుగా ఉన్న బాడుగదార్లు ఆమెకు ఆ భరోసా ఇవ్వగలరు. బాడుగ పెంచే విషయం కూడా ఏడాదికి ఒకసారి, ఒకే నెలలో, ఇంత శాతం అని ముందే మాట్లాడుకోవచ్చు. ఈ ఒప్పందం కుదిరిన చోట పేచీలు సగం ఉండవు.

మాటలతో తేలకపోతే ఎక్కడికి పోవాలి? జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, దివ్యాంగులకి, ఫ్యాక్టరీ కార్మికులకి, తుపాను వరద బాధితులకి అక్కడ లాయరు ఉచితం. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేదు. ఎంత సంపాదించినా సరే. అందుకే అర్జీ వరసలో ఉన్న ఆడవాళ్ల పేరు మీద పెట్టమంటాను. ఫోను నంబరు చెప్తున్నాను, రాసుకోండి. 15100. ఇంకోసారి. ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా. పోయేటప్పుడు పుస్తకం తీసుకుపోండి. అసలు పుస్తకం ఇచ్చి రాకండి. జిరాక్సు ఇవ్వండి.

చివరిగా ఒక చిక్కు ఉంది. బాడుగదార్లు ఒకచోట నిలవరు. పిల్లాడి ఇంటర్ అయిపోతే ఆమె పల్లెకి పోతుంది. క్రేను అబ్బాయికి ఇంకో రేవులో పని దొరుకుతుంది. పుస్తకం రాసే అక్కే ఇల్లు మారితే? అందుకని ముందే అనుకోండి. పుస్తకం మనిషిది కాదు, వరసది. ఖాళీ చేసే ముందు తమ అడ్వాన్సు లెక్క తేల్చుకుని, ఆ పేజీ కింద ఓనరు చేత సంతకం పెట్టించి, పుస్తకం పక్క గడపలో ఇచ్చి పోవాలి. కొత్తగా దిగినవాళ్లకి మొదటి రోజే ఆ పుస్తకం చూపించాలి. అంతకుముందు ఆ పోర్షన్‌లో ఉన్నవాళ్లు ఎంత కట్టారో వాళ్లకి తెలియాలి కదా. రేపు ఇంటామె ఎంత అడిగినా, వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఆ పేజీలోనే ఉంటుంది.